బండి బ్రేకు కీచుమనుచున్నదా?

తిరువూరులో తెల్లవారుజామున అయిదు గంటలకే రోడ్డుమీద మోటారుసైకిళ్ళు కనిపించును. పాల క్యాన్లు కట్టుకొని వచ్చునవి కొన్ని, కూరగాయల మూటలతో వచ్చునవి కొన్ని. ఏప్రిల్, మే నెలలలో మామిడి కోతలు మొదలైనచో ప్లాస్టిక్ ట్రేలు వెనుకకు బిగించిన బండ్లకు లెక్కయే లేదు. ఒకప్పుడు ఎద్దుబండి చేసిన పనిలో సగము ఇప్పుడు మోటారుసైకిలే చేయుచున్నది. యూరియా బస్తా, స్ప్రేయరు, మోటారు పైపులు, గడ్డిమోపు, బడికి పోవు పిల్లలు, అన్నియు దాని వీపుమీదనే.

ఈ బండ్లు మలుపులో ఆగబోవునప్పుడు నూటికి ఎన్నో "కీచ్" మని అరచును. తోలువానికి అది అలవాటైపోయినది. అడిగినచో "ఆగుతోంది కదండీ, కూస్తే కూయనివ్వండి" అనును. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి తమకు తోచిన వైద్యము చేయుదురు. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ వైద్యము గురించియే.

ఎద్దుబండి ఇరుసు కీచుమన్నచో మన పెద్దలు కందెన పెట్టెడివారు. బావి గిలక కీచుమన్నను అంతే, తలుపు బందు కీచుమన్నను అంతే. చప్పుడు వచ్చినచోట చమురు వేయుట మన చేతికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. అది ఇరుసు విషయములో సరియైనదే. ఇరుసు తిరుగుటకు ఉన్నది. బ్రేకు తిరుగుటకు లేదు, ఆపుటకు ఉన్నది. రాపిడి తగ్గించుటకు ఇరుసుకు కందెన కావలెను. రాపిడి ఉండుటయే బ్రేకుకు ప్రాణము. అక్కడ ఒక్క చుక్క నూనె పడినను చప్పుడు పోవును, దానితోపాటు బ్రేకును పోవును.

నేను ఎరిగిన రైతు ఒకరు సరిగా ఇట్లే చేసినారు. వెనుక చక్రము చాల దినములుగా అరచుచుండగా, డ్రమ్ము ప్లేటుమీద మీట తిరుగుచోట సందు చూచి, ఇంజను ఆయిలు నాలుగైదు చుక్కలు వదలినారు. రెండు దినములు బండి మౌనముగా నడచినది. "చూశారా, పైసా ఖర్చు లేకుండా బాగుచేశాను" అని పదిమందికి చెప్పినారు కూడ. మూడవ దినమున రెండు యూరియా బస్తాలు, అనగా 90 కిలోలు, వేసుకొని వాగు దిగువకు పోవుచు కాలు నొక్కినారు. పెడలు అడుగంటినది గాని బండి ఆగలేదు. మోకాళ్ళు చీరుకొనిపోయినవి, ఒక బస్తా నీటిలో పగిలినది. పొలమునకు చల్లవలసిన ఎరువు వాగుకు చల్లినట్లైనది. ఎదురుగా వాగునకు బదులు లారీ ఉండియున్నచో ఈ సంగతిని ఇంత తేలికగా వ్రాయుటకు వీలుండెడిది కాదు. ఇబ్రహీంపట్నము నుండి మైలవరము, తిరువూరుల మీదుగా జగదల్‌పూరుకు పోవు 30వ నంబరు జాతీయ రహదారి పైకి మన డొంకదారులు ఎన్ని వచ్చి కలియుచున్నవో ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు.

చప్పుడు ఎట్లు పుట్టును?

మన బండ్లలో ఎక్కువవాటికి వెనుక చక్రమునకు, చాలవాటికి ముందు చక్రమునకు కూడ డ్రమ్ము బ్రేకే ఉండును. చక్రము నడుమ గిన్నెవంటి ఇనుప డ్రమ్ము ఉన్నది. దానిలోపల అర్ధచంద్రాకారములో రెండు షూలు, వాటిపై లైనింగు అంటించియుండును. మనము పెడలు నొక్కగనే కామ్ అను చిన్న ఇరుసు తిరిగి షూలను వెడల్పుగా నెట్టును. లైనింగు డ్రమ్ము లోపలి గోడను ఒరసికొనును, చక్రము ఆగును. కాలు తీయగనే రెండు స్ప్రింగులు షూలను వెనుకకు లాగును.

ఒరయుటలో లైనింగు సాఫీగా జారినచో చప్పుడు రాదు. పట్టి వదలుట, మరల పట్టి వదలుట జరిగినచో షూ వణకును. ఈ వణకు సెకనుకు వేయిసార్లకు పైబడి జరుగును. నల్లబల్లమీద సుద్దముక్క కీచుమనుటయు, ఫిడేలు తీగపై కమాను పలుకుటయు ఈ విధముగనే. షూ వణకును డ్రమ్ము అందుకొని గంటవలె మ్రోగును. కాబట్టి అరచుచున్నది డ్రమ్మైనను, రోగము సాధారణముగా షూలలో ఉండును.

లైనింగు పుట్టుకలో బండ్ల వారికి కూడ పాలున్నది. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండదారులలో సరకు బండ్లు తోలువారు, దిగుడులో చెక్క బ్రేకు జారిపోకుండ దానికి పాత బూట్ల తోలు ముక్కలు కొట్టుకొనెడివారట. అది చూచిన హెర్బర్టు ఫ్రూడ్ అను ఆయన 1897లో బ్రేకులకు ప్రత్యేకమైన లైనింగు తయారుచేయుట ఆరంభించెను. పాత బూటును చూచి పరిశ్రమ పెట్టినవాడు ఆయన. ఆ బుద్ధి మాత్రము బండివానిదే.

బ్రేకు చేయు పని ఎంతటిదో లెక్కవేసి చూచినచో మంచిది. బండి 110 కిలోలు, మనిషి 65 కిలోలు, 40 లీటర్ల పాల క్యాన్లు రెండు, అన్నియు కలిపి 260 కిలోలకు తగ్గదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి దీనిని పూర్తిగా నిలుపునప్పుడు పుట్టు వేడి ఒక టీ గ్లాసు చన్నీటిని మరుగు పట్టించుటకు చాలును. అదే 40 కిలోమీటర్ల వేగములో ఆ వేడి సగముకంటె తక్కువ. ఊరు చేరులోపల ఎన్నిసార్లు బ్రేకు వేయుదుమో అన్ని గ్లాసుల నీరు మరిగించునంత వేడిని ఆ సన్నని లైనింగు భరించవలెను. కంపెనీవారు చాలా బండ్లకు మనిషితో కలిపి సుమారు 130 కిలోల బరువు మాత్రమే చెప్పుదురు. రెండు నిండు క్యాన్లు, మనిషి కలిసి ఆ హద్దు దాటినట్లే. దాటవద్దని చెప్పుట సులభము, పాలు రెండవ విడతకు ఆగవని నాకును తెలియును. కనీసము వేగమైనను తగ్గించుకొనవలెను.

చెవితో పరీక్ష

పానా చేతపట్టుటకు ముందు చెవి ఒగ్గి వినుడు. ఎప్పుడు అరచుచున్నది, ఎట్లు అరచుచున్నది అను రెండు ప్రశ్నలకు జవాబు దొరికినచో సగము పని అయినట్లే.

ఉదయము మొదటి రెండు మూడు నొక్కులకు మాత్రమే అరచి ఆగిపోయినచో భయపడనక్కరలేదు. రాత్రి మంచుకు, వానకు డ్రమ్ములో సన్నని తుప్పు పట్టును, అది ఒరసికొని పోవును. వాగు దాటిన తరువాత, దమ్ము చేసిన పొలము గట్టుమీద నడిపిన తరువాత వచ్చు చప్పుడు వేరు. నీటితో పాటు ఒండ్రు, ఇసుక లోపలికి పోయి గరగరలాడును. ఇది దానంతట అది పోదు. ఇసుక లైనింగులో నాటుకొని డ్రమ్మును గీతలు గీయును.

మెల్లగా నొక్కినప్పుడు సన్నగా కూసి, గట్టిగా నొక్కినప్పుడు ఆగిపోవు చప్పుడు తరచుగా గట్టిపడిన లైనింగుది. వేడికి పైభాగము కాలి, అద్దమువలె మెరయుచుండును. దిగుడులో కాలు పెడలుపై ఆనించియే ఉంచువారి బండ్లకు ఇది తొందరగా వచ్చును.

కీచుమనక "కర్" మని ఇనుము ఇనుమును గీరినట్లున్నచో బండిని ఇక నడుపవద్దు. లైనింగు అయిపోయి షూ లోహము డ్రమ్మును తినుచున్నదని అర్థము. ఆ దినము షూలతో పోవు ఖర్చు మరునాడు డ్రమ్ముతో సహా అగును.

బ్రేకు నొక్కకపోయినను చప్పుడు వచ్చుచుండి, నొక్కగనే ఆగినచో షూ వదలుగా ఊగుచుండవచ్చును. నొక్కినను ఆగనిచో బేరింగును, చైనును, స్పీడు మీటరు కేబులును అనుమానింపుడు. బండిని నడిమి స్టాండుమీద నిలిపి చక్రమును చేతితో త్రిప్పి చూచినచో చప్పుడు ఎక్కడిదో తెలియును. బ్రేకు వేసినప్పుడు పెడలు కాలిక్రింద పొంగి క్రుంగుచున్నట్లు తోచినచో డ్రమ్ము గుండ్రదనము తప్పినది.

ఇంకొక ప్రశ్న తప్పక వేసికొనవలెను. నిన్న మొన్న బండి కడిగించితిరా? కడుగుడు షాపులలో కొందరు మెరుపు కొరకు క్రిందిభాగమున డీజిలు కొట్టుదురు. చైనుకు ఆయిలు పోసినప్పుడు అది చక్రముమీదికి చిందును. కడిగించిన మరునాడే బ్రేకు తీరు మారినచో కారణము వేరే వెదకవలసిన పని లేదు. డిస్కుమీదను, డ్రమ్ము అంచుమీదను డీజిలు కొట్టవద్దని ముందే చెప్పి నిలబడి చూచుకొనుడు.

విప్పకుండ చూడదగినవి

వెనుక డ్రమ్ము ప్లేటుమీద, మీట దగ్గర ఒక చిన్న బాణము గుర్తుండును. పెడలు పూర్తిగా నొక్కి పట్టి చూచినప్పుడు ఆ బాణము ప్లేటుమీది గీతకు చేరినచో లైనింగు అయిపోయినట్లే, షూలు మార్చవలెను. ఇది కంపెనీవారు రైతుకు పెట్టిన ఉచిత సలహా, కాని చూచువారు తక్కువ. ఇక్కడ ఒక మోసము కలదు. షూలు అరిగి బ్రేకు అందనప్పుడు కొందరు మీటను కామ్ పండ్లమీద ఒక పన్ను వెనుకకు జరిపి బిగింతురు. బ్రేకు అందినట్లే ఉండును, బాణము మాత్రము ఇక అబద్ధము చెప్పును. కామ్ మరీ ఎక్కువ తిరిగి అడ్డముగా నిలిచిపోయినచో బ్రేకు పట్టినది పట్టినట్లే ఉండిపోవును, చక్రము బిగిసిపోవును. పాత బండి కొనువారు మీట ఏ కోణములో ఉన్నదో తప్పక చూడవలెను.

వెనుక పెడలుకు 20 నుండి 30 మి.మీ., ముందు చేతిమీటకు 10 నుండి 20 మి.మీ. వదులు చాలా బండ్లకు సరిపోవును. మీ బండి పుస్తకములో వేరుగా ఉన్నచో దానినే పాటింపుడు. వదులు బొత్తిగా లేకున్నచో షూ ఎప్పుడును ఒరసికొని కాలును, అరచును, మైలేజీ కూడ పడిపోవును.

చక్రము విప్పినప్పుడు

చప్పుడు పోనిచో చక్రము విప్పవలసినదే. చేతనైనవారు ఇంటివద్దనే చేసికొనవచ్చును. చేయనివారు మెకానిక్కు వద్ద నిలబడి చూచుటకైనను ఈ సంగతులు పనికివచ్చును. నిలబడి చూచు రైతు బండికి, వదలివెళ్ళిన రైతు బండికి జరుగు పనిలో తేడా ఉండునని నా అనుభవము.

డ్రమ్ము తెరవగనే నల్లని పొడి కనిపించును. దానిని నోటితో ఊదుట, కంప్రెసరు గాలి పెట్టుట మన మెకానిక్కులందరికిని అలవాటు. ఇది మానవలెను. పాత లైనింగులలోను, చవకగా దొరకు కొన్ని లైనింగులలోను రాతినార ఉండవచ్చును. రాతినార పొడి ఊపిరితిత్తులలో చేరినచో ఎన్నో ఏండ్ల తరువాత కాన్సరు తెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పారవేయుడు. పిల్లలను దగ్గరకు రానీయవద్దు.

తరువాత లైనింగును చూడుడు. 2 మి.మీ. మందముకంటె తగ్గినచో షూలు మార్చుటయే మేలు. మందము ఉండి పైభాగము అద్దమువలె మెరయుచున్నచో గరుకు కాగితము సమముగా ఉన్న చెక్కకు చుట్టి ఆ మెరుపు పోవునంతవరకు మాత్రము రుద్దవలెను. డ్రమ్ము లోపలి గోడను కూడ అడ్డముగా తేలికగా రుద్దుడు. షూ కొనలవద్ద లైనింగు అంచు పదునుగా ఉన్నచో అది డ్రమ్మును గీకి వణకు పుట్టించును. ఆకురాయితో ఆ అంచును రెండు మూడు మిల్లీమీటర్లు ఏటవాలుగా తీసినచో మొండి చప్పుడు కూడ చాలసార్లు ఆగును. మంచి మెకానిక్కుకు ఇది తెలియును. అడుగనిదే చేయువారు కొద్దిమంది.

లైనింగు నల్లబడి, జిడ్డుగా, వ్రేలితో తాకిన నూనె అంటినచో దానిని పెట్రోలుతో కడిగి మరల వాడుదమనుకొనవద్దు. నూనె లోపలికి ఇంకియుండును. పైకి ఆరినట్లుండి, వేడెక్కగనే మరల ఊరును. రెండు షూలను కలిపియే మార్చవలెను, ఒకటి క్రొత్తది ఒకటి పాతది పనికిరాదు. నూనె ఎక్కడినుండి వచ్చినదో కూడ కనిపెట్టవలెను. బేరింగు వద్ద సీలు చిరిగి గ్రీజు కారుచున్నచో, సీలు మార్చక షూలు మార్చిన డబ్బు దండుగ. పైన చెప్పిన వాగు రైతు షూలు మార్చి, డ్రమ్మును తుడిపించి, ఇప్పుడు చప్పుడు లేకుండ తిరుగుచున్నారు.

డ్రమ్ము లోపలి వ్యాసము మన బండ్లకు తరచుగా 110 లేక 130 మి.మీ. ఉండును. ఎంతవరకు అరుగవచ్చునో ఆ అంకె డ్రమ్ముపైననే పోతపోసియుండును. 110 డ్రమ్మునకు సాధారణముగా 111. అంచువద్ద గోరు తగులునంత మెట్టు ఏర్పడినచో కొలిపించుడు. స్ప్రింగులు సాగి, చుట్లు విడినచో మార్చవలెను. వాటి వెల స్వల్పము, చేయు కీడు పెద్దది.

ఇన్ని చెప్పిన తరువాత గ్రీజు మాట. బ్రేకులో గ్రీజు పెట్టదగిన చోట్లు రెండే: కామ్ తిరుగుచోటు, షూలు ఆను పిన్ను. ఎరువు బస్తాల ఉప్పు, బురద తగిలి కామ్ తుప్పుపట్టుట మన ప్రాంతపు బండ్లలో తరచు చూచుచున్నాము. కామ్ బిగిసినచో షూ వెనుకకు రాదు, ఒరయుచునే ఉండును. తుప్పు గీకి, వేడికి కరగని గ్రీజును కందిగింజంత మాత్రమే పూసి, మిగిలినది తుడిచివేయవలెను. గ్రీజు అంటిన చేతితో లైనింగును ముట్టవద్దు.

మరల బిగించునప్పుడు డ్రమ్ము ప్లేటును చట్రమునకు పట్టియుంచు కమ్మీని మరువరాదు. దాని నట్టు, చీలుపిన్ను బిగింపకపోయినచో మొదటిసారి గట్టిగా బ్రేకు వేయగనే ప్లేటు చక్రముతో పాటు తిరిగి, చక్రము బిగిసి, మనిషి ఎగిరిపడును. యాక్సిలు నట్టు పూర్తిగా బిగించుటకు ముందు పెడలును గట్టిగా నొక్కి పట్టియుంచి, అట్లే నట్టు బిగించుడు. షూలు డ్రమ్ము నడుమకు సర్దుకొనును. కొత్త షూలు వేసిన వెంటనే వచ్చు చప్పుడు ఈ చిన్న పనితో చాలవరకు పోవును. చైను వదులు కూడ అప్పుడే చూచుకొనుడు.

2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. వరకు గల క్రొత్త బండ్లకు కలిసి పనిచేయు బ్రేకులు పెట్టవలెనను నియమము వచ్చినది. వెనుక పెడలు నొక్కినచో ముందు బ్రేకు కూడ కొంత పట్టును. అట్టి బండ్లకు వెనుక నట్టు ఒక్కటే త్రిప్పి సరిచేయుట చాలదు, రెండిటిని కలిపి చూడవలెను. ఈ పని తెలిసినవారిచేత చేయించుకొనుటే మంచిది.

డిస్కు బ్రేకు గల బండ్లకు

డిస్కు అరచినచో ముందు ప్యాడ్ల మందము చూడుడు. ప్యాడు నడుమనున్న గాడి కనిపించకుండ పోయినచో మార్చవలెను. డిస్కుమీదనే కనీస మందము అంకె చెక్కియుండును. జిడ్డు తగిలినచో స్పిరిటుతో తుడువవలెను గాని డీజిలు, కిరసనాయిలు తగిలించరాదు. ప్యాడ్ల వెనుక ఉండు పలుచని రేకును మెకానిక్కు తీసి పారవేసినను చప్పుడు వచ్చును.

ఒక్క సంగతి మాత్రము నొక్కి చెప్పవలసియున్నది. చేతిమీట వద్దనున్న చిన్న డబ్బాలో పోయు ద్రవమును మనము "బ్రేక్ ఆయిల్" అనుచున్నాము. ఆ పేరే మోసము. అది నూనె కాదు. దానిలో ఇంజను ఆయిలు పోసినచో లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకు మొత్తము చెడును. డబ్బా మూతమీద డాట్ 3 అనియో, డాట్ 4 అనియో వ్రాసియుండును, అదే పోయవలెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరని డాట్ 4 ద్రవము 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదని, తేమ చేరినది 155 డిగ్రీల వరకైనను ఆగవలెనని ప్రమాణము. మరిగినచో గొట్టములో ఆవిరి బుడగలు పుట్టి చేతిమీట మెత్తగా లోపలికి పోవును. అందుకే రెండేండ్లకొకసారి మార్చుమని చెప్పుదురు. మూత తీసి వారములతరబడి ఉన్న సీసాలోనిది కొనవద్దు. రంగుమీద పడినచో రంగు ఊడును, వెంటనే నీటితో కడుగుడు.

రోడ్డెక్కుటకు ముందు

క్రొత్త షూలు, క్రొత్త ప్యాడ్లు మొదటి దినముననే పూర్తి పట్టు ఇయ్యవు. సుమారు రెండువందల కిలోమీటర్ల వరకు గట్టిగా బ్రేకు వేయు అవసరము రాకుండ నెమ్మదిగా నడుపుడు. వాగు దాటిన పిదప వంద గజములు తక్కువ వేగములో బ్రేకును తేలికగా ఆనించి నడిపినచో తడి ఆరును. దిగుడులో గేరు తగ్గించి ఇంజనుచేత కొంత పని చేయించుడు.

పని అయిన సాయంత్రము బండిని బరువు లేకుండ ఎవరును రాని డొంకకు తీసికొనిపోయి, నడక వేగములో ఒకసారి, 20 కిలోమీటర్ల వేగములో రెండుసార్లు, ముందు బ్రేకు వేరుగా వెనుక బ్రేకు వేరుగా వేసి చూడుడు. తిరిగి వచ్చి డ్రమ్ములపై చేయి దగ్గరగా పెట్టుడు, తాకవద్దు. ఒక దానినుండి సెగ ఎక్కువగా కొట్టుచున్నచో అక్కడ షూ ఇంకను ఒరయుచున్నది. నట్టు అరచుట్టు వదులుచేసి మరల చూడుడు. పాల క్యాన్లు మరునాటి ఉదయము కట్టుకొనవచ్చును.